బాత్రూమ్ టైల్స్ పని సరిగ్గా ఎలా చేయాలి: వాటం నుంచి గ్రౌటింగ్ దాకా

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు, పాత బాత్రూమ్ మార్పించుకునేవాళ్లు, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: బాత్రూమ్‌లో టైల్స్ పని ఏ వరుసలో చేస్తే పదేళ్లైనా చెక్కు చెదరదు? హాల్లో టైల్ కొంచెం తేడాగా పడితే కంటికి ఇబ్బంది, అంతే. బాత్రూమ్‌లో తేడా వస్తే కింద ఇంటివాళ్ల సీలింగ్ తడుస్తుంది. అందుకే ఇక్కడ టైల్ కంటే ముందు నీటి సంగతి చూడాలి.

లెక్కలు సులువుగా అర్థం కావడానికి ఒకే ఉదాహరణతో వెళ్దాం. 8×5 అడుగుల బాత్రూమ్. గోడలకు 7 అడుగుల ఎత్తు దాకా 300×600 మి.మీ. టైల్ అడ్డంగా. నేలకు 300×300 మి.మీ. మ్యాట్ టైల్. నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ ఉన్న చోటు) తలుపుకు దూరంగా ఉన్న మూలలో.

## 1. టైల్స్ ఎంచుకోవడం, లెక్క కట్టడం

గోడకు సిరామిక్ సరిపోతుంది. నేలకు మాత్రం విట్రిఫైడ్ (నీళ్లు దాదాపు పీల్చని గట్టి రకం) గానీ, నేల కోసమే చేసిన సిరామిక్ గానీ తీసుకోండి. నిగనిగలాడే గ్లాసీ టైల్ నేలకు వద్దే వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను. షాపులో టైల్ మీద కాసిని నీళ్లు పోయించి, చెప్పులు విప్పి నిలబడి చూడండి. పెట్టె మీద ఆర్10, ఆర్11 అని ఉంటే అది జారుడును తట్టుకునే రేటింగ్. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ.

లెక్క ఇలా:

- నేల: 8×5 = 40 చదరపు అడుగులు. తరుగు 10 శాతం కలిపితే 44.
- గోడలు: చుట్టుకొలత 26 అడుగులు × ఎత్తు 7 = 182. తలుపు (2.5×7) తీసేస్తే సుమారు 165. తరుగుతో 181.
- 300×600 టైల్ ఒక్కోటి 1.94 చదరపు అడుగులు. పెట్టెకు 5 ఉంటే 19 పెట్టెలు. పెట్టెలో ఎన్ని వస్తాయో కంపెనీని బట్టి మారుతుంది, పెట్టె మీద చూసుకోండి.

టైల్స్ దిగగానే ప్రతి పెట్టె మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా అని చూడండి. గుజరాత్‌లో టైల్స్ తయారయ్యే మోర్బీ నుంచి వచ్చిన ఒకే డిజైన్‌లో కూడా రెండు బ్యాచ్‌ల మధ్య రంగులో సన్నని తేడా ఉంటుంది. పెట్టెలో చూస్తే తెలియదు, గోడకెక్కాక తెలుస్తుంది. తర్వాత తగ్గాయని మళ్లీ తెప్పిస్తే అదే షేడ్ దొరుకుతుందన్న హామీ లేదు. అందుకే తరుగు లెక్కలో పిసినారితనం వద్దు.

నాలుగు పెట్టెల్లోంచి ఒక్కో టైల్ తీసి, రెండేసి ముఖాముఖిగా పెట్టి చూడండి. మధ్యలో సందు కనిపిస్తే టైల్ వంగి ఉందన్నమాట. పొడవాటి టైల్స్‌లో కొద్దిపాటి వంపు మామూలే. కాబట్టి వాటిని ఇటుకల కట్టుబడిలా సగం సగం జరిపి వేయకండి. మూడో వంతుకు మించి జరిపితే అంచులు ఎత్తుపల్లాలుగా వస్తాయి.

## 2. చేతిలో ఉండాల్సినవి

- రసమట్టం (కనీసం 4 అడుగులది), వడంబం, మూలమట్టం, దారం, నీళ్ల ట్యూబ్ లేదా లేజర్ లెవెల్
- పళ్లున్న తాపీలు: గోడకు 6 మి.మీ., పెద్ద టైల్‌కు 10 మి.మీ.
- చేతి కట్టర్, గ్రైండర్, డైమండ్ బ్లేడ్, పైపు రంధ్రాలకు డైమండ్ హోల్ సా
- రబ్బరు సుత్తి, 2 మి.మీ. స్పేసర్లు (టైల్స్ మధ్య సందు సమానంగా ఉంచేవి), లెవెలింగ్ క్లిప్పులు (పక్క పక్క టైల్స్‌ను ఒకే మట్టంలో పట్టి ఉంచేవి)
- అడెసివ్ (టైల్ అంటించే జిగురు పొడి) కలపడానికి డ్రిల్లు, కలియబెట్టే కడ్డీ, కొలత గీతలున్న బకెట్
- స్పాంజీలు, రబ్బరు ఫ్లోట్
- కళ్లజోడు, ఎన్95 మాస్కు, గ్లోవ్స్

మాస్కు సంగతి ఒక్క మాట. టైల్ కోస్తుంటే లేచే పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, అది మళ్లీ బాగయ్యే జబ్బు కాదు. తలకు కట్టుకునే తువ్వాలు ముక్కుకు చుట్టుకుంటే ఆ సన్న పొడి ఆగదు. నీళ్లు పోస్తూ కోయండి, వీలైతే బయట కోయండి. గ్రైండర్ గార్డు తీసేసి పని చేయనివ్వకండి. తడిలో కరెంటు పని కాబట్టి బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉండాలి.

## 3. టైల్‌కు ముందు పైపులు, గోడలు

కన్సీల్డ్ పైపులన్నీ వేశాక, గోడ మూయకముందే ప్లంబర్ చేత ప్రెషర్ పంపు పెట్టించి టెస్ట్ చేయించండి. రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే మీటర్ ముల్లు దిగకూడదు. దిగితే ఎక్కడో లీక్ ఉంది. ఇప్పుడైతే ఒక కప్లింగ్‌తో పోతుంది, టైల్ పడ్డాక గోడ పగలగొట్టాలి.

పైపులు కనిపిస్తున్నప్పుడే టేపు పక్కన పెట్టి నాలుగు గోడలకూ ఫోటోలు తీసుకోండి. రేపు అద్దానికో, గీజర్‌కో డ్రిల్లు వేసేటప్పుడు ఈ ఫోటోలే కాపాడతాయి.

గోడ ప్లాస్టరింగ్ నీళ్లు పట్టి ఆరినదై ఉండాలి. వడంబం పట్టి నిలువు, మూలమట్టం పెట్టి మూలలు చూడండి. 6 అడుగుల పట్టీ ఆనించినప్పుడు 3 మి.మీ. కంటే ఎక్కువ సందు ఉంటే ముందే మాలుతో (సిమెంట్, ఇసుక కలిపిన ముద్దతో) సరిచేయాలి. "అడెసివ్‌తో సర్దేద్దాంలే" అనే మాట ఒప్పుకోకండి. అడెసివ్ ఉన్నది అంటించడానికి. మందంగా వేస్తే ఆరేటప్పుడు కుంచించుకుని టైల్‌ను లాగేస్తుంది.

లప్పం, రంగు, సున్నం ఉన్న గోడ మీద నేరుగా టైల్ వేయకూడదు. పూర్తిగా గీకి, గాట్లు పెట్టి, దుమ్ము కడగాలి. లేకపోతే టైల్ లప్పానికి అంటుకుంటుంది గానీ గోడకు అంటుకోదు.

## 4. వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు నిలబెట్టి చూడటం

పనంతటిలో ఎక్కువ ఓపిక పట్టాల్సింది ఇక్కడే, మనవాళ్లు ఎక్కువగా తొందరపడేదీ ఇక్కడే.

సంకెన్ స్లాబ్ (పైపులు పట్టడానికి మిగతా నేల కంటే కిందికి దించిన స్లాబ్) ఉంటే వరుస ఇది:

1. స్లాబ్ శుభ్రం చేసి, పగుళ్లు, పైపు దిగే రంధ్రాల చుట్టూ నాన్-ష్రింక్ గ్రౌట్‌తో నింపాలి.
2. గోడా నేలా కలిసే మూలల్లో మాలుతో గుండ్రంగా వంపు తీయాలి. నిక్కచ్చి మూలలో కోటింగ్ చీలుతుంది.
3. వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు. మొదటిది అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా. సంకెన్ గోడల మీదుగా, పూర్తయ్యే నేల మట్టానికి ఒక అడుగు పైదాకా.
4. కంపెనీ చెప్పినన్ని రోజులు ఆరాక, డ్రైన్ మూసి నీళ్లు నింపి 48 గంటలు ఉంచాలి. నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. కింద అంతస్తు సీలింగ్‌ను రెండు పూటలా చూడండి.
5. చెమ్మ లేదంటేనే డ్రైన్ పైపులు బిగించి పూడ్చడం.

పూడ్చడానికి సైట్‌లో మిగిలిన ఇటుక ముక్కలు, చెక్క పేళ్లు, సిమెంట్ సంచులు కలిపి పోసేస్తుంటారు. చెక్క కుళ్లుతుంది, ఇటుక నీళ్లు పీల్చి అలాగే పట్టుకుంటుంది, నేల కుంగుతుంది. శుభ్రమైన తేలిక రకం పూడిక వేయించి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించండి. సంకెన్ అడుగు నుంచి డక్ట్‌లోకి (పైపులు దిగే నిలువు సందులోకి) ఒక చిన్న పైపు పెట్టిస్తే, ఎప్పుడైనా లోపలికి దిగిన నీళ్లు అక్కడే నిలిచిపోకుండా బయటపడతాయి.

పూడిక మీద వాటంతో (నీళ్లు ట్రాప్ వైపు జారే వాలుతో) కాంక్రీట్ బెడ్ వేశాక దాని మీద కూడా రెండు పూతల కోటింగ్ వేయాలి. షవర్ పడే గోడకు 6 అడుగుల ఎత్తు దాకా. మళ్లీ ఒకసారి నీళ్లు నిలబెట్టి చూడండి. రెండోసారి టెస్ట్ అంటే మేస్త్రీకి విసుగొస్తుంది, అయినా చేయించండి. టైల్, గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపేది) నీటిని పూర్తిగా ఆపవు. ఆపేది ఈ పూతే.

## 5. వాటం లెక్క

బాత్రూమ్ నేలకు 80కి 1 వాటం చాలు. అంటే మీటరుకు 12 మి.మీ. పైచిలుకు. మన 8 అడుగుల పొడవుకు సుమారు 30 మి.మీ. తలుపు దగ్గర నుంచి ట్రాప్ దగ్గరికి అంత దిగాలి. షవర్ కింద ఇంకొంచెం ఎక్కువ, 60కి 1 దాకా ఇవ్వొచ్చు.

ఈ వాటం బెడ్‌లోనే రావాలి. బెడ్‌ను మట్టంగా వేసి, టైల్ కింద అడెసివ్ ఎక్కువ తక్కువ చేసి వాటం తెస్తామంటే అది కుదిరే పని కాదు.

ట్రాప్ నోరు, పూర్తయ్యే టైల్ మట్టం కంటే 2–3 మి.మీ. కిందికి ఉండాలి. జాలీ పెట్టాక దాని అంచు టైల్ కంటే పైకి లేస్తే చుట్టూ నీళ్లు నిలిచి నాచు పడుతుంది. తలుపు దగ్గర బాత్రూమ్ నేల గది నేల కంటే అర అంగుళమైనా కిందికి ఉండేలా చూసి, మధ్యలో గ్రానైట్ పట్టీ వేయండి. కోటింగ్ ఆ పట్టీ కిందికి కూడా వెళ్లాలి. చాలా ఇళ్లలో బెడ్‌రూమ్ గోడ అడుగున లప్పం ఊడిపోవడానికి కారణం ఇక్కడ వదిలేసిన ఖాళీయే.

## 6. లేఅవుట్: ముందు గీత, తర్వాత టైల్

మూలలో నిండు టైల్‌తో మొదలుపెట్టి అవతల ఎంత వస్తే అంత ముక్క పెట్టేయడం అలవాటు. మన 8 అడుగుల గోడ 2438 మి.మీ. అందులో నాలుగు నిండు టైల్స్, 2 మి.మీ. జాయింట్లు పోను మిగిలేది 30 మి.మీ. అంటే చివర ఒక వేలెడు పట్టీ. కోయడం కష్టం, చూడటానికి బాగోదు, ముందుగా ఊడేదీ అదే.

దాని బదులు మధ్యలో మూడు నిండు టైల్స్ పెట్టి, రెండు చివర్లా 315 మి.మీ. చొప్పున ముక్కలు పెట్టండి. 5 అడుగుల గోడకు (1524 మి.మీ.) మధ్యలో ఒక నిండు టైల్, అటూ ఇటూ 460. ముక్క ఎప్పుడూ టైల్‌లో సగానికి తగ్గకుండా చూసుకోవడం మంచి అలవాటు. ఇవి ప్లాస్టర్ నుంచి ప్లాస్టర్‌కు ఉన్న లెక్కలు. పక్క గోడ టైల్, అడెసివ్ మందం కలిసి ఒక్కో వైపు 12 మి.మీ. దాకా తింటాయి కాబట్టి చివరి ముక్క ఎప్పుడూ అక్కడికక్కడ కొలిచే కోయండి.

నిలువు లెక్కలో ఇంకో మెలిక ఉంది. నేలకు వాటం ఉంది, టైల్ వరుస మాత్రం మట్టంగా నడవాలి. ఏడు వరుసలు 2112 మి.మీ. వస్తాయి. ట్రాప్ మూలలో, అంటే నేల అన్నిటికంటే కిందికి ఉన్న చోట, కింది వరుస దాదాపు నిండు టైల్ వచ్చేలా లెక్క వేసి, అక్కడి నుంచి నాలుగు గోడలకూ లేజర్‌తో ఒకే మట్టం గీత కొట్టండి. తలుపు వైపు వచ్చేసరికి కింది వరుస 30 మి.మీ. తగ్గుతుంది. అది కళ్లకు తెలియదు. వరుసే వాలితే మాత్రం లోపలికి రాగానే తెలుస్తుంది.

గీతలు కొట్టాక కుళాయిలు, డైవర్టర్ (నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించేది), కమోడ్ పాయింట్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. రంధ్రం టైల్ అంచుకు మరీ దగ్గరగా పడుతుంటే, గీతను ఇప్పుడే కాస్త జరపండి.

## 7. అడెసివ్ కలపడం

బస్తా మీద ఐఎస్ 15477 (టైల్ అడెసివ్‌ల భారతీయ ప్రమాణం) ముద్ర, టైప్ సంఖ్య చూడండి. మామూలు సిరామిక్‌కు టైప్ 1, విట్రిఫైడ్‌కు టైప్ 2. పాత టైల్ మీద టైల్ వేయాలన్నా, పెద్ద సైజైనా టైప్ 3 తీసుకోండి. మన బాత్రూమ్‌కు 20 కిలోల బస్తాలు ఐదు పడతాయి.

విట్రిఫైడ్ టైల్ నీటి పీల్పు 0.5 శాతం లోపే. సిమెంట్ పాలు దాని వెనక పట్టుకోవడానికి దారే లేదు. "మా నాన్నల కాలం నుంచి సిమెంట్‌తోనే వేస్తున్నాం" అనే మేస్త్రీ చెప్పేది అప్పటి టైల్స్‌కు నిజమే. అవి నీళ్లు పీల్చేవి, నానబెట్టి వేసేవాళ్లు. అడెసివ్‌తో వేసేటప్పుడు ఏ టైల్‌నూ నానబెట్టకూడదు. వెనక ఉన్న తెల్లటి పొడిని తడి స్పాంజితో తుడిస్తే చాలు.

- ముందు బకెట్‌లో కొలిచిన నీళ్లు, తర్వాత పొడి.
- ఉండలు లేకుండా కలిపి 5 నిమిషాలు వదిలి, మళ్లీ కలపాలి.
- గట్టిపడ్డాక నీళ్లు పోసి కలిపితే పట్టు పోయినట్టే. పారేయండి.
- మే నెలలో 42 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు సగం సగం కలుపుకోండి. ఉదయం, సాయంత్రం పని పెట్టుకోండి.

## 8. గోడ టైల్స్

కింది వరుసను వదిలి రెండో వరుసతో మొదలుపెట్టాలి. మట్టం గీత మీద అల్యూమినియం పట్టీ బిగించి, దాని మీద వరుస నిలబెట్టండి. నేల పూర్తయ్యాక కింది వరుసను కొలిచి కోసి పెడితే, గోడ టైల్ నేల టైల్ మీద కూర్చుంటుంది. గోడ మీంచి జారే నీళ్లు సందులోకి పోకుండా నేల మీదికి వస్తాయి.

గోడను తడి స్పాంజితో తుడిచి, తాపీ చదును వైపుతో అడెసివ్‌ను గట్టిగా రుద్దండి. తర్వాత పళ్ల వైపుతో ఒకే దిశలో గీతలు లాగండి. గుండ్రంగా తిప్పితే లోపల గాలి ఇరుక్కుంటుంది. ఒక్కసారికి పది చదరపు అడుగులకు మించి పూయకండి. వేలితో తాకితే అంటుకోవాలి. పైన పొర కట్టి వేలికి అంటకపోతే గీకేసి కొత్తది పూయాలి.

టైల్ పెట్టి, గీతలకు అడ్డంగా కొద్దిగా జరుపుతూ నొక్కండి. 600 మి.మీ. పొడవున్న టైల్‌కు వెనక కూడా పలచగా పూయడం మంచిది. మొదటి రెండు మూడు టైల్స్‌లో ఒకదాన్ని వెంటనే ఊడదీసి వెనక చూడండి. తడి గదిలో 95 శాతం వీపుకు అడెసివ్ అంటి ఉండాలి. మధ్యలో ఖాళీలుంటే పళ్ల సైజు పెంచండి.

మూలకొకటి, మధ్యలో ఒకటి ముద్దలు పెట్టి అంటించే పద్ధతిని ఎవరు చేసినా ఆపించండి. ముద్దల మధ్య ఖాళీలో నీళ్లు చేరి వాసన, చెమ్మ వస్తాయి. మేకు కొట్టగానే టైల్ పగులుతుంది.

రంధ్రాలకు హోల్ సాను ఏటవాలుగా పెట్టి గాడి పడ్డాక నిటారు చేయండి. నీళ్లు పోస్తూ, హ్యామర్ మోడ్ ఆపి. గ్రైండర్‌తో చతురస్రంగా కోసి పైన ఫ్లేంజ్‌తో (కుళాయి చుట్టూ ఉండే గుండ్రటి బిళ్లతో) కప్పేస్తే, ఆ మూలల నుంచి వెంట్రుకంత పగుళ్లు మొదలవుతాయి.

బయటి మూలలకు 45 డిగ్రీల కటింగ్ అందంగా ఉంటుంది గానీ చెయ్యి తిరిగిన మేస్త్రీ కావాలి. అంచు పలచబడి త్వరగా పెచ్చులూడుతుంది. పిల్లలున్న ఇంట్లో మెటల్ ప్రొఫైల్ పట్టీయే మేలు.

## 9. నేల టైల్స్, కింది వరుస

ట్రాప్ దగ్గర నుంచి లేఅవుట్ చూసుకుని, తలుపు వైపు వెనక్కి వస్తూ వేయండి. వాటం రెండు వైపుల నుంచి వచ్చే చోట టైల్‌ను మూల నుంచి మూలకు కోయాల్సి వస్తుంది, అందుకు వెనకాడకండి. మన ఉదాహరణలో నేలకు 300×300 చిన్న టైల్ తీసుకున్నది ఇందుకే. 2×2 అడుగుల టైల్‌ను మూలకు వాటం తిప్పడం దాదాపు అసాధ్యం.

ప్రతి మూడు నాలుగు టైల్స్‌కు ఒకసారి పట్టీ వేసి వాటం చూడండి. పూర్తయ్యాక 24 గంటలు ఎవరూ తొక్కకూడదు. ఆ తర్వాత మగ్గుతో నీళ్లు పోసి చూడండి. ఎక్కడైనా నిలిస్తే, గ్రౌట్ వేయకముందే ఆ టైల్స్ తీసి మళ్లీ వేయించండి.

నేల, గోడ కలిసే చోట 3 మి.మీ. సందు వదిలి, కింది వరుస గోడ టైల్స్ పెట్టండి.

## 10. గ్రౌటింగ్

టైల్స్ వేసి కనీసం 24 గంటలు గడవాలి. జాయింట్లలో పైకి వచ్చిన అడెసివ్‌ను గీకి, బ్రష్‌తో దులపండి. బాత్రూమ్‌కు ఎపాక్సీ గ్రౌట్ వాడండి. ఖర్చు ఎక్కువే, కానీ నీళ్లు పీల్చదు, మరక పట్టదు.

ఎపాక్సీ త్వరగా బిగుస్తుంది. డబ్బా అంతా ఒకేసారి కలపకుండా కొంచెం కొంచెంగా, కొలత తప్పకుండా కలపండి. ఫ్లోట్‌తో జాయింట్‌కు ఏటవాలుగా నొక్కి నింపండి. చిన్న భాగం నింపగానే తడి స్పాంజితో తుడవాలి. మొత్తం గోడ నింపి తర్వాత తుడుద్దామంటే టైల్ మీద జిగురు పొర అలాగే ఉండిపోతుంది.

గోడా నేలా కలిసే సందు, గోడల లోపలి మూలలు, కమోడ్ చుట్టూ గ్రౌట్ వద్దు. రెండు తలాలు వేర్వేరుగా కదులుతాయి కాబట్టి అక్కడ గ్రౌట్ చీలుతుంది. బూజు పట్టని శానిటరీ సిలికాన్ వేయండి.

షవర్ వాడకానికి ఏడు రోజులు ఆగండి. శుభ్రం చేయడానికి యాసిడ్ పోయించకండి. సిమెంట్ గ్రౌట్‌ను తినేస్తుంది, కుళాయిల క్రోమ్ పూతను పాడుచేస్తుంది. పలచని సబ్బు నీళ్లు, ప్లాస్టిక్ బ్రష్ చాలు.

## 11. మేస్త్రీకి చివరి డబ్బులు ఇచ్చే ముందు

- నాణెంతో ప్రతి టైల్ మీదా తట్టండి. గుల్ల శబ్దం వచ్చినవాటికి స్కెచ్ పెన్ గుర్తు.
- రెండు టైల్స్ కలిసే అంచు మీద గోరు లాగండి. గోరు తట్టుకుంటే ఎత్తు తేడా ఉంది.
- రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి పది నిమిషాల తర్వాత ఎక్కడ నిలిచాయో చూడండి.
- రాత్రి గోడకు ఆనించి టార్చి వెలుగు వేయండి. పగలు కనపడని ఎత్తుపల్లాలు నీడలుగా కనిపిస్తాయి.
- ట్రాప్‌లో సిమెంట్, గ్రౌట్ ముక్కలు లేవని చూసుకోండి.
- ఒక పెట్టె టైల్స్, కొంచెం గ్రౌట్ దాచి, బ్యాచ్ నంబరున్న పెట్టె ముక్కను కూడా దాంతోనే ఉంచండి.

## 12. తర్వాత వచ్చే ఇబ్బందులు

గుల్ల శబ్దం. ఒక మూలలోనే చిన్నగా వస్తే, టైల్ కదలకపోతే వదిలేయొచ్చు. షవర్ కింద గానీ, టైల్‌లో సగానికి పైగా గానీ వస్తే మార్చాల్సిందే. చిన్న రంధ్రం చేసి ఎపాక్సీ ఎక్కించడం ఆపద్ధర్మమే.

గ్రౌట్ నల్లబడటం. ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ సరిగ్గా పనిచేస్తోందా చూడండి. సిమెంట్ గ్రౌటైతే 2–3 మి.మీ. లోతు గీకించి ఎపాక్సీ నింపించండి.

టైల్స్ ఒక్కసారిగా పైకి లేవడం. బాత్రూమ్ కంటే హాల్లో, డాబా మీద ఎక్కువ. సందు లేకుండా టైల్‌కు టైల్ ఆనించి, గోడకు కూడా బిగించి వేసినప్పుడు, వేడికి వ్యాకోచించడానికి చోటు లేక లేస్తాయి. గోడ చుట్టూ 6–8 మి.మీ. ఖాళీ వదిలి స్కర్టింగ్‌తో కప్పాలి.

ఒక్క టైల్ మార్చడం. ముందు చుట్టూ నాలుగు జాయింట్ల గ్రౌట్‌ను పూర్తిగా గీకేయండి. ఇది చేయకుండా సుత్తి వేస్తే పక్క టైల్ పెచ్చు లేస్తుంది. తర్వాత టైల్ మధ్యలో పగలగొట్టి, మధ్య నుంచి అంచులకు ఉలితో తీస్తూ రండి. ఉలిని ఏటవాలుగా పట్టాలి, నిటారుగా దించితే కింది వాటర్‌ప్రూఫ్ పూత తెగుతుంది. పాత అడెసివ్ గీకాక పూత గీరుకుందేమో చూసి, గీరుకుంటే ముందు దాన్ని రెండు పూతలుగా అతికి ఆరనివ్వండి. కొత్త టైల్‌కు వెనక, కింద రెండు చోట్లా అడెసివ్ పూసి, పక్కవాటి మట్టానికి నొక్కి, మర్నాడు గ్రౌట్ వేయండి.